ఇమ్రోజ్ సంపాదకుడు షోయబుల్లా ఖాన్

ఏటా ఆగస్టు 22న షోయబుల్లా ఖాన్‌ను తలుచుకుంటారు. రజాకార్లు చంపిన ముస్లిం పాత్రికేయుడని ఒక్క మాట చెప్పి వదిలేస్తారు. ఆయన ఏం రాశారో మాట్లాడేవాళ్లు తక్కువ. కారంచేడు జరిగిన జిల్లాలో, చీమకుర్తిలో పెరిగిన నాకు ఆ రాతల మీదే ఆసక్తి. దాడి చేసినవాళ్ల వెనుక అధికారం ఉన్నప్పుడు దాన్ని ఎవరు రాస్తారన్నది మాకు పాత ప్రశ్న.

ఆయన 1920లో మహబూబాబాద్ ప్రాంతంలో పుట్టారు. ఉస్మానియాలో చదివారు. ఆ చదువుతో నిజాం సర్కారులో కొలువు సంపాదించుకోవచ్చు. కానీ తేజ్ వారపత్రికలో చేరారు. సర్కారు దాన్ని మూయించింది. మందుముల నర్సింగరావు నడిపే రయ్యత్‌కు వెళ్లారు. అదీ మూతపడింది. పత్రికను ఆపడానికి అప్పట్లో కోర్టు తీర్పు అక్కర్లేదు, ఒక ఉత్తర్వు చాలు. అప్పుడు బూర్గుల రామకృష్ణారావు వంటివారి అండతో సొంతంగా ఇమ్రోజ్ మొదలుపెట్టారు. తొలి సంచిక 1947 నవంబరు 15న వచ్చింది.

రజాకార్ల దోపిడీలు, హత్యలు అందులో అచ్చయ్యాయి. చట్టాన్ని కాపాడాల్సిన ప్రభుత్వమే ఒక ప్రైవేటు సైన్యాన్ని ఊళ్ల మీదికి వదిలిందన్నది ఆయన అసలు ఆరోపణ. అదే ఉర్దూలో, ఒక ముస్లిం కలం నుంచి రావడం ఇత్తెహాద్ నాయకులకు మింగుడుపడలేదు.

దళిత పాఠకులకు ఈ కథ అంత సూటిగా ఉండదు. ఆ సమయంలో బి.ఎస్. వెంకటరావు లాయక్ అలీ మంత్రివర్గంలో ఉన్నారు. బి. శ్యామ్‌సుందర్ హైదరాబాద్ తరఫున ఐక్యరాజ్యసమితికి వెళ్లారు. అరిగె రామస్వామి కాంగ్రెస్ వైపు నిలిచారు. హిందూ భూస్వాముల కింద వెట్టి చేసినవాళ్లకు విలీనం ఒక్కటే విముక్తిలా కనిపించలేదు. ఆ అనుమానానికి కారణాలున్నాయి. అయినా రజాకార్ల దాడులకు అది సమర్థన కాదు.

హైదరాబాద్ భారత్‌లో చేరాలని ఏడుగురు ముస్లిం ప్రముఖులు చేసిన ప్రకటనను ఇమ్రోజ్ అచ్చువేసింది. 1948 ఆగస్టు 19న జమ్రూద్ మహల్‌లో ఖాసిం రజ్వీ తమకు వ్యతిరేకంగా లేచే చేతుల్ని నరుకుతామని బెదిరించాడు. 21వ తేదీ రాత్రి పని ముగించుకుని, బావమరిది ఇస్మాయిల్ ఖాన్‌తో కలిసి ఇంటికి వెళ్తున్న షోయబుల్లాపై కాచిగూడ ప్రాంతంలో దాడి చేశారు. కుడిచేయి నరికారు. తెల్లవారేసరికి ప్రాణం పోయింది. ఇస్మాయిల్ చేయి కూడా తెగింది, కానీ బతికారు. షోయబుల్లాకు అప్పటికి ఇరవై ఎనిమిదేళ్లు నిండలేదు.

నెల తిరక్కుండానే పోలీసు చర్య జరిగింది. రజ్వీకి బీబీనగర్ దోపిడీ కేసులో పడిన శిక్షను 1953లో సుప్రీంకోర్టు ఖాయం చేసింది. 1957లో విడుదలై పాకిస్తాన్ వెళ్లిపోయాడు. పోలీసు చర్య సమయంలో, ఆ తర్వాత చనిపోయిన ముస్లింల సంఖ్య 27 వేల నుంచి 40 వేల వరకు ఉంటుందని సుందర్‌లాల్ కమిటీ అంచనా వేసింది. కొత్త ప్రభుత్వం ఆ నివేదికను దశాబ్దాలపాటు బయటపెట్టలేదు.