దీనజనసేవిక జాన్ జూగాన్

ధర్మకార్యము చేసినవారి పేరులు శిలాఫలకములపై చెక్కబడుట లోకమున సాధారణము. తాను స్థాపించిన సంస్థయందే తన పేరు మరుగుపరుపబడగా, మరణపర్యంతము దాని మేలునే కోరిన యొక సన్న్యాసినీ చరిత్రమును మేమిచ్చట సంగ్రహముగా తెలుపుచున్నాము.

జాన్ జూగాన్ ఫ్రాన్సుదేశపు బ్రిటనీ సీమలో, కాంకాల్ అను రేవుగ్రామమున, 1792 అక్టోబరు 25వ తేదీని జన్మించెను. ఆమె పసితనముననే, జాలరియైన తండ్రి సముద్రముపై బోయి మరల రాడయ్యెను. పదునారవయేట నామె యొక సంపన్నగృహమున వంటపనికి కుదిరెను. ఆ యింటి యజమానురాలు బీదల యిండ్లకు బోవునపుడు ఈ బాలికనుగూడ గొనిపోవుచుండెను. తరువాత జాన్ వివాహమునకు సమ్మతింపక, సాన్ సెర్వాన్ పట్టణపు వైద్యశాలలో రోగులకు పరిచర్యచేసెను.

1839 శీతకాలమున, కన్నులు గానక, పక్షవాతపీడితయై, దిక్కులేక యున్న యొక ముసలి వితంతువును జాన్ తన యింటికి దెచ్చి, తన పడకనే యామెకిచ్చి, తాను అటుకపై పరుండెను. అప్పటికామె వయస్సు 47 సంవత్సరములు. చేతిలో ధనము లేదు, శరీరకష్టమే జీవనాధారము. ఆ వెనుక మరికొందరు వృద్ధురాండ్రు చేరిరి. మరి యిద్దరు యువతులు తోడైరి. ఆ వృద్ధులు వీధులవెంట బిచ్చమెత్తకుండుటకై జాన్ తానే బుట్ట చేతబట్టి యింటింటికిని దిరిగి యాచించెను. ఒకడు కోపముతో చెంపపై గొట్టగా, ఆ దెబ్బ తనకు చెందినదనియు, ఇక బీదలకేమైన నిమ్మనియు నామె వేడెనని చెప్పుదురు. ఇట్లు ‘బీదల చిన్ని సోదరీమణులు’ అను సంఘమేర్పడెను.

1843లో సోదరీమణులు జానునే మరల పెద్దగా నెన్నుకొనిరి. కాని లె పెయ్యూర్ అను మతాచార్యుడు ఆ యెన్నికను త్రోసివేసి, మరీ జామే యను యువతిని నియమించెను. 1845లో ఫ్రెంచి అకాడమీ జానునకు మాంతియాన్ బహుమానమిచ్చి గౌరవించినను, 1852లో ఆమెను యాచనకార్యమునుండి తప్పించి, మఠములో నొక మూల నుంచిరి. అచ్చట నామె 27 సంవత్సరములు గడపెను. సంఘమును స్థాపించినది ఆ మతాచార్యుడేయని క్రొత్తగా చేరిన కన్యలకు బోధింపబడుచుండెను. తమ నడుమ నున్న ముసలి సోదరియే మూలకర్త్రియని వారిలో పెక్కుమంది యెరుగరు.

1879 ఆగస్టు 29వ తేదీని ఆమె దివంగతురాలయ్యెను. అప్పటికి సంఘమున సుమారు 2400 మంది సోదరీమణులుండిరి. 1890లో రోము అధికారులు లె పెయ్యూర్‌ను పదవినుండి తొలగించిరి. 2009లో ఆమె పునీతగా ప్రకటింపబడెను. మన సికింద్రాబాదునందును ఆ సోదరీమణుల వృద్ధాశ్రమము కలదు.

ఆమె మౌనమును మేము కొనియాడుదుము. ఆ మౌనమును వాడుకొని సత్యమును దాచినవారిని మాత్రము క్షమార్హులని యనజాలము. దానము చేయగల మన చదువరులు ఒక విషయము యోచింతురుగాక. ఆమె మిగిలినదానిని ఇయ్యలేదు. ఉన్న యొక్క పడకను ఇచ్చెను.