థామస్ హాన్‌కాక్

థామస్ హాన్‌కాక్ (1786 మే 8 - 1865 మార్చి 26) ఇంగ్లండుకు చెందిన ఆవిష్కర్త. బ్రిటిషు రబ్బరు పరిశ్రమకు మూలపురుషుడు. కోతలో మిగిలిన రబ్బరు తుక్కును తిరిగి ముడిసరుకుగా మార్చే యంత్రాన్ని నిర్మించాడు.

తొలి జీవితం

ఈయన విల్ట్‌షైర్‌లోని మార్ల్‌బరోలో జన్మించాడు. తండ్రి కలప వ్యాపారి. లండనులో సోదరునితో కలిసి గుర్రపు బగ్గీలు తయారు చేసేవాడు. ఆవిరి బండ్లు నడిపి పేరుపొందిన వాల్టర్ హాన్‌కాక్ ఈయన తమ్ముడే.

తుక్కు రబ్బరు యంత్రం

చేతి తొడుగులు, దుస్తులు మొదలైనవాటికి సాగే పట్టీలు అమర్చే పద్ధతికి 1820లో హాన్‌కాక్ పేటెంటు పొందాడు. ఆ రోజుల్లో రబ్బరు దక్షిణ అమెరికా నుండి ఎక్కువగా సీసాల ఆకారంలో వచ్చేది. వాటిని పట్టీలుగా కోసినప్పుడు చాలా సరుకు ముక్కలుగా మిగిలి వృథా అయ్యేది. అప్పుడే కోసిన అంచులు ఒకదానికొకటి గట్టిగా అతుక్కోవడం ఆయన గమనించాడు. ముక్కలను ఇంకా చిన్నవిగా చీలిస్తే కొత్త అంచులు పెరిగి, అన్నీ కలిసిపోతాయని భావించాడు. ఇందుకోసం లోపల పళ్ళున్న బోలు పీపాలో ముళ్ళ రోలరు తిరిగే యంత్రాన్ని సిద్ధం చేశాడు. చేతితో తిప్పే ఆ మొదటి నమూనాలో పట్టేది సుమారు 57 గ్రాముల రబ్బరు మాత్రమే. చీలికలు కావలసిన రబ్బరు వేడెక్కి, నలిగి, ఒకే ముద్దగా బయటికి వచ్చింది.

దీనికి ఆయన వెంటనే పేటెంటు తీసుకోలేదు. పేటెంటు తీసుకుంటే యంత్రం వివరాలు అందరికీ తెలిసిపోతాయి. ఇతరులను ఏమార్చడానికి యంత్రానికి 'పికిల్' (ఊరగాయ) అని పేరు పెట్టాడు. పనివారి చేత రహస్యం కాపాడతామని మాట తీసుకున్నాడు. ఆ రహస్యం పది సంవత్సరాలకు పైగా నిలిచింది.

బాగా నలిగిన రబ్బరులో తారు వంటి ఇతర పదార్థాలను కూడా కలపవచ్చునని తెలిసింది. సుద్దపొడి, మసి వంటి పూరక పదార్థాలను రబ్బరులో కలిపే తరువాతి కాలపు పద్ధతులకు ఈ నలిపే ప్రక్రియే ఆధారం. చార్లెస్ మాకింతోష్ 1823లో పేటెంటు పొందిన వాన కోటు గుడ్డకు కూడా ఇది తోడ్పడింది. గ్యాసు కర్మాగారాలలో మిగిలే తారు నుండి తీసిన నాఫ్తాలో ఆయన రబ్బరును కరిగించేవాడు. నలిగిన రబ్బరు అందులో మరింత సులభంగా కరిగేది. తరువాత వీరిద్దరూ వ్యాపారంలో భాగస్వాములయ్యారు.

వల్కనీకరణం

అమెరికాకు చెందిన చార్లెస్ గుడియర్ తయారు చేసిన రబ్బరు నమూనాలు 1842లో ఇంగ్లండుకు వచ్చాయి. వాటిపై గంధకం జాడలు హాన్‌కాక్ కంటపడ్డాయి. సొంతంగా ప్రయోగాలు చేసి 1843 నవంబరులో, గుడియర్ కంటే కొన్ని వారాల ముందు, ఇంగ్లండులో పేటెంటుకు దరఖాస్తు చేశాడు. నమూనాలను రసాయనికంగా పరీక్షించలేదని ఆయన వాదన. వివాదం న్యాయస్థానానికి వెళ్ళినా పేటెంటు ఆయనకే దక్కింది. అయితే మొదట కనుగొన్న గౌరవం గుడియర్‌దే. వల్కనీకరణం అన్న పేరు పెట్టింది హాన్‌కాక్ మిత్రుడు విలియం బ్రాకడన్.

గంధకంతో బిగిసిన రబ్బరును ఎంత నలిపినా మునుపటిలా ముద్ద కాదు. అంటే హాన్‌కాక్ పేటెంటు పొందిన ఈ రెండవ ప్రక్రియ నుండి వచ్చే తుక్కుకు ఆయన మొదటి యంత్రం పనికిరాలేదు. పాత టైర్లను పొడి చేసి కొత్త రబ్బరులో పూరకంగానూ, రోడ్ల తారులోనూ కలపడం తరువాతి తరాలవారు చూసుకున్న దారి.

చివరి రోజులు

1857లో తన ప్రయోగాల చరిత్రను గ్రంథంగా ప్రచురించాడు. లండనులోని స్టోక్ న్యూయింగ్టన్‌లో మరణించాడు. ఆయన రబ్బరు వ్యాపారాన్ని సోదరుని కుమారుడు జేమ్స్ లైన్ హాన్‌కాక్ కొనసాగించాడు.