తప్పులకు జంకని విద్యార్థి: సి.పి. బ్రౌన్



మన కర్నూలు, కడప ప్రాంతాల్లో ఉర్దూలో చదువుకున్న యువకులను ఒకసారి గమనించండి. సంతలో బేరమాడేటప్పుడు తెలుగు గడగడా మాట్లాడతారు. అదే తెలుగులో ఒక అర్జీ రాయమంటే మాత్రం కాగితం పక్కవాడి చేతిలో పెడతారు. నలుగురి ముందు నిలబడి రెండు మాటలు చెప్పమంటే తల వంచుకుంటారు. ఒత్తు తప్పుతుందేమో, ఎవరైనా నవ్వుతారేమో అన్న భయమే దీనికి కారణం. మదరసా నుంచి బయటికి వచ్చిన కొత్తలో ఈ వ్యాసకర్తకూ ఆ భయం ఉండేది. అందుకే రెండు వందల ఏళ్ళ క్రితం మన కడపకే వచ్చి, తెలుగు ముందు విద్యార్థిగా కూర్చున్న ఒక పరాయి దేశస్థుని జీవితాన్ని ఇక్కడ మీ ముందు ఉంచుతున్నాము.

చార్లెస్ ఫిలిప్ బ్రౌన్ 1798 నవంబరు 10న కలకత్తాలో జన్మించారు. తండ్రి డేవిడ్ బ్రౌన్ క్రైస్తవ మతాచార్యుడు, అనేక భాషలు తెలిసినవారు. ఆయన 1812లో మరణించడంతో కుటుంబం ఇంగ్లండు చేరింది. ఈస్టిండియా కంపెనీ ఉద్యోగులకు శిక్షణ ఇచ్చే హెయిలీబరీ కళాశాలలో చదువుకున్న బ్రౌన్ 1817లో మద్రాసులో ఓడ దిగారు. అప్పటికి ఆయనకు తెలుగు రాదు. కోదండరామ పంతులు అనే ఉపాధ్యాయుని వద్ద ఓనమాలతో మొదలుపెట్టి, 1820లో పరీక్ష గట్టెక్కారు. అదే సంవత్సరం ఆగస్టులో కడప కలెక్టరు వద్ద సహాయకునిగా చేరారు. అప్పుడాయన వయస్సు ఇరవై రెండేళ్ళు కూడా నిండలేదు.

పరీక్షలో నెగ్గడం వేరు, రైతు చెప్పే మాట అర్థం చేసుకోవడం వేరు. పుస్తకాల తెలుగు ఒకటి, కచేరీ గుమ్మంలో వినిపించే తెలుగు మరొకటి. ఆ రోజుల్లో చాలామంది దొరలు దుబాసీని పక్కన పెట్టుకొని కాలం గడిపేవారు. అది సుఖమైన దారి. నోరు తెరవకపోతే తప్పు దొర్లదు, తప్పు దొర్లకపోతే ఎవరూ నవ్వరు. బ్రౌన్ ఆ దారిన పోలేదు. పాలకుడైన తాను పాలితుల మధ్య కూర్చుని వారి భాషను వారి నోటనే వినసాగారు. తప్పు మాట్లాడడం, దిద్దించుకోవడం, మళ్ళీ మాట్లాడడం, ఇదే ఆయన చదువు.

తర్వాత మచిలీపట్నం, రాజమండ్రి ప్రాంతాల్లో పనిచేస్తున్నప్పుడు ఆయన దృష్టి వేమన పద్యాల మీద పడింది. అవి ప్రజల నాలుకల మీద ఉన్నాయేగాని సరిగా కూర్చిన ప్రతి లేదు. ఒక తాటాకు ప్రతిలో ఉన్న పద్యం ఇంకొక ప్రతిలో మరోలా ఉండేది. పండితులలో చాలామంది ఆ పద్యాలను చులకనగా చూసేవారు. భాష నేర్చుకుంటున్న ఒక విదేశీయుడు అలాంటి పనికి పూనుకుంటే అభాసుపాలు కావడానికే అవకాశం ఎక్కువ. అయినా ఆయన ప్రతులు తెప్పించి, పక్కపక్కన పెట్టి పోల్చి చూశారు. 1829లో 693 పద్యాలను ఇంగ్లీషు అనువాదంతో అచ్చు వేయించారు.

ఆ పుస్తకంతో పని ముగిసిందని ఆయన అనుకోలేదు. పదేళ్ళ తర్వాత 1839లో 1164 పద్యాలతో మరో కూర్పు తెచ్చారు. మొదటిసారే అన్నీ సరిగ్గా ఉండాలని కూర్చుంటే మొదటి పుస్తకమే వచ్చేది కాదు. మొదటి పుస్తకం రాకపోతే రెండవది ఎక్కడిది?

ఈ మధ్యకాలంలోనే 1826లో బ్రౌన్ మళ్ళీ కడపకు వచ్చారు. ఇక్కడ ఒక బంగళా కొని, పండితులను, లేఖకులను పిలిపించి, సొంత జీతం నుంచి వారికి జీతాలిచ్చారు. జూలూరి అప్పయ్య వంటి పండితులు అక్కడ కావ్యాలను పరిష్కరించేవారు. పగలు కచేరీ పని, మిగిలిన వేళ తెలుగు చదువు. కచేరీలో ఆయన అధికారి. ఆ బంగళాలో మాత్రం పండితుల ముందు కూర్చున్న శిష్యుడు. జీతాలకు, ప్రతులకు, కాగితానికి, అచ్చుకు డబ్బు చాలక ఆయన అప్పులపాలయ్యారు కూడా.

ఇంతలో పరీక్ష వచ్చింది. 1832-33లో గుంటూరు ప్రాంతంలో భయంకరమైన కరువు పడింది. ఆ రోజుల్లో బ్రౌన్ అక్కడ పనిచేశారు. పై అధికారులకు రాసేటప్పుడు కొరత అనే మెత్తని మాట వాడకుండా, ఉన్నది ఉన్నట్లు కరువు అనే రాశారు. 1834లో ఆయన ఉద్యోగం పోయింది. మరుసటి సంవత్సరం లండన్ వెళ్ళిపోయారు. వయస్సు ముప్పై ఆరు దాటింది, నెత్తిన అప్పు ఉంది, చేతిలో కొలువు లేదు. ఇంకొకరైతే తెలుగును మరచిపోయి వేరే బతుకుతెరువు చూసుకునేవారు. ఆయన లండన్‌లోనూ దక్షిణాది గ్రంథాలనే వెతికారు. ఇండియా హౌస్ గ్రంథాలయంలో దుమ్ము పట్టి ఉన్న రాతప్రతులను చూసి, వాటిని మద్రాసుకు తిరిగి పంపించే ఏర్పాటు చేయించారు.

1838 నాటికి ఆయన మళ్ళీ మద్రాసులో ఉన్నారు. ఈసారి పార్సీ అనువాదకుని ఉద్యోగం. ఆ కొలువు చేస్తూనే 1840లో తెలుగు వ్యాకరణం ప్రకటించారు. 1852లో తెలుగు - ఇంగ్లీషు నిఘంటువు వెలువడింది. ఓనమాలు దిద్దిన నాటి నుంచి లెక్కిస్తే అది ముప్పై అయిదేళ్ళ శ్రమ. ఈనాటికీ తెలుగు పండితులు సందేహం వస్తే ఆ పుస్తకం తెరుస్తారు.

మనం ప్రత్యేకంగా గుర్తుంచుకోవలసిన పుస్తకం మరొకటి ఉంది. 1854లో ఆయన మిశ్ర భాషా నిఘంటువు అచ్చు వేయించారు. అరబీ, పార్సీ, హిందుస్తానీల నుంచి తెలుగులో కలిసిపోయిన మాటలను అందులో కూర్చారు. జిల్లా, తాలూకా, రైతు, హక్కు, అర్జీ, జవాబు, వకీలు వంటి మాటలు ఎక్కడి నుంచి వచ్చాయో ఆలోచించండి. తెలుగు మనకు పరాయి భాష అని భయపడే మన పిల్లవాడు తెలుగు కచేరీలో అడుగు పెడితే, మొదట పలకరించేది మన పెద్దల మాటలే! ఈ సంగతిని ఒక ఆంగ్లేయుడు కష్టపడి పుస్తకంగా కూర్చి పెట్టగా, ఆ మాటల వారసులమైన మనం గుమ్మం బయటే నిలబడిపోవడం న్యాయమేనా?

బ్రౌన్ కొలువు చేసింది కంపెనీకి. 1839లో కర్నూలు నవాబు గులాం రసూల్ ఖాన్‌ను గద్దె దించింది ఆ కంపెనీయే. ఆ చరిత్రను మనం మరచిపోనక్కరలేదు. అయితే మంచి గుణం ఎవరిలో ఉన్నా నేర్చుకొమ్మనే మన పెద్దలు చెప్పారు. పైగా కొత్త భాష ముందు జంకకపోవడం మనకు కొత్త పాఠం కాదు. మదీనాలో దైవప్రవక్త (స) ఆదేశించగానే, యువకుడైన హజ్రత్ జైద్ బిన్ సాబిత్ (రజి) యూదుల లిపిని దాదాపు పదిహేను రోజుల్లో నేర్చుకున్నారని ఉల్లేఖనాలు తెలుపుతున్నాయి. నా వల్ల అవుతుందా అని ఆయన వెనుకాడలేదు.

ఆరోగ్యం చెడి బ్రౌన్ 1855లో ఇంగ్లండుకు తిరిగి వెళ్ళారు. 1865లో, అరవై ఆరేళ్ళ వయస్సులో, లండన్ విశ్వవిద్యాలయంలో తెలుగు ఆచార్యులయ్యారు. పెళ్ళి చేసుకోలేదు. 1884 డిసెంబరు 12న మరణించారు. కడపలో ఆయన బంగళా కాలక్రమంలో శిథిలమైపోయింది. జానమద్ది హనుమచ్ఛాస్త్రి గారి పట్టుదలతో అదే చోట బ్రౌన్ పేర గ్రంథాలయం వెలిసింది. కడప వెళ్ళినప్పుడు మీ పిల్లలను ఒకసారి అక్కడికి తీసుకువెళ్ళండి.

సోదరులారా! భయం పూర్తిగా పోయాక మొదలుపెడదామనుకుంటే ఆ రోజు ఎన్నటికీ రాదు. పని మొదలుపెట్టిన వాని భయమే కొద్దికొద్దిగా కరుగుతుంది. ఈ వారం మీ ఇంటి అర్జీ ఒకటి మీ అబ్బాయి చేతనో, అమ్మాయి చేతనో తెలుగులో రాయించండి. తప్పులుంటే నవ్వకండి, కోప్పడకండి. పక్కన కూర్చుని దిద్దండి, మళ్ళీ రాయించండి. మీకే రాకపోతే పొరుగున ఉన్న తెలుగు పంతులు గారిని అడగండి. అడగడంలో చిన్నతనం లేదు. అడగకుండా జీవితమంతా పక్కవాడి చేతికి కాగితం అందించడంలోనే చిన్నతనం ఉంది.

అల్లాహ్ మన పిల్లలకు ప్రయోజనకరమైన విద్యను, దానిని అడిగి నేర్చుకునే ధైర్యాన్ని ప్రసాదించుగాక! ఆమీన్.