మునివేళ్ల మీద నిలిచిన పెళ్లికూతురు

తెలుగింటి పెళ్లిలో ఎంత సందడి ఉన్నా అప్పగింతల వేళకు అందరి గొంతులూ పూడుకుపోతాయి. ఆ ఒక్క ఘట్టంలోని దుఃఖాన్ని పెళ్లంతా పరిచి చూపితే ఎలా ఉంటుంది? 1923 జూన్ 13న పారిస్‌లోని గైటె లిరిక్ రంగస్థలం మీద ఒక రష్యన్ పల్లెటూరి పెళ్లి అలాగే జరిగింది. సంగీతం స్ట్రావిన్‌స్కీది. నృత్యం కూర్చింది బ్రొనిస్లావా నిజిన్‌స్కా. ఆ బ్యాలే పేరు ‘లే నోస్’, అంటే పెళ్లి. 1891 జనవరి 8న మిన్స్క్‌లో పుట్టిన ఆ మహానుభావురాలికి 2026 జనవరితో 135 ఏళ్లు నిండాయి. ఈ జయంతి వేళ ఆమెకు మనసారా జేజేలు.

చాలామందికి ఆమె పేరుమోసిన బ్యాలే నర్తకుడు వాస్లావ్ నిజిన్‌స్కీ చెల్లెలిగానే తెలుసు. బంధుత్వం నిజమే, గొప్పదే. తల్లిదండ్రులు ఊరూరా తిరిగి ఆడే పోలిష్ నర్తకులు. అన్నాచెల్లెళ్లిద్దరూ సెయింట్ పీటర్స్‌బర్గ్‌లో జారు ప్రభుత్వపు నృత్య పాఠశాలలో చదివారు. ఆమె 1908లో చదువు ముగించుకుని మారిన్‌స్కీ రంగస్థలం చేరారు. 1911లో అన్నను అక్కడి నుంచి తొలగిస్తే, తానూ ఉద్యోగం వదులుకుని దియాగిలెవ్ నడిపే బ్యాలే రూస్ బృందంలోకి వెళ్లారు. ‘ఫాన్’ బ్యాలే కోసం అన్న ఊహించిన వింత కదలికలను ముందుగా పలికించింది చెల్లెలి దేహమే. 1913 నాటి ‘వసంత క్రతువు’లో బలి కన్య పాత్రనూ ఆమె మీదే అల్లాడు. తీరా ఆమె గర్భవతి కావడంతో ఆ పాత్ర మరొకరికి వెళ్లింది. అన్నగారు అగ్గిమీద గుగ్గిలమయ్యాడు. మేనకోడలు పుట్టబోతోందన్న సంతోషం ఆ క్షణాన ఆయనకు తట్టినట్టు లేదు!

ఆమె సొంత దారి కీవ్‌లో మొదలైంది. అంతర్యుద్ధం, ఆకలి, పూటకో ప్రభుత్వం. ఆ గందరగోళంలోనే 1919లో ‘కదలిక పాఠశాల’ తెరిచారు. చిత్రకారిణి అలెగ్జాండ్రా ఎక్స్‌టర్ ఆమెకు తోడు నిలిచారు. ఒక భంగిమ నుంచి ఇంకో భంగిమకు చేరేలోపు జరిగేదే అసలు నాట్యం అని ఆమె నమ్మారు. బ్యాలేలో అప్పటికి ఆడే ఆడవాళ్లకు కొదవ లేదు, ఆడించేవాళ్లే అరుదు. 1921లో తల్లినీ ఇద్దరు పసిపిల్లలనూ వెంటబెట్టుకుని సరిహద్దు దాటి, మళ్లీ దియాగిలెవ్ దగ్గరికి చేరారు. ఆ బృందానికి నృత్యం కూర్చిన ఏకైక మహిళ ఆమే.

‘లే నోస్’కు దుస్తులు గీసింది నతాల్యా గొంచరోవా. తొలి చిత్రాల్లో రంగులు పండగలా విరజిమ్మాయి. నిజిన్‌స్కా ససేమిరా అన్నారు. ఈ పెళ్లిలో పిల్లను ఎవరూ ఇష్టం అడగలేదు, పిల్లాణ్నీ అడగలేదు, మరి ఈ సంబరం ఎవరికోసం అన్నది ఆమె ఆలోచన. పంతం నెగ్గింది. గోధుమరంగు, తెలుపు, అంతే.

మొదటి ఘట్టం పేరే జడ. పెళ్లికూతురి పొడవాటి జడలను చెలికత్తెలు అటూ ఇటూ చాచి పట్టుకుంటారు. పగ్గాలో జడలో చెప్పలేం. అందరూ మునివేళ్ల మీద లేచి నేలను గుచ్చుతున్నట్టు అడుగులేస్తారు. బ్యాలేలో మునివేళ్ల నడక అప్పటిదాకా గాలిలో తేలే అప్సరసలది. ఇక్కడ అది ఆ పల్లె పడుచులను నిలువునా సాగదీసి, పాత చర్చి పటాల్లోని సన్నని సాధ్వుల్లా నిలబెట్టింది. ఘట్టం చివర చెలికత్తెలు తలలు ఒకదానిపై ఒకటి పేర్చి గోపురం కడితే, పైన పెళ్లికూతురు తల ఆనుతుంది. ప్రేమ యుగళం లేదు. విందులో ఊరంతా కింద ఎగురుతుంటే వధూవరులు పై అరుగు మీద కదలకుండా కూర్చుంటారు. నాలుగు పియానోలు, తాళవాద్యాలు, గాయకబృందం ఇరవై అయిదు నిమిషాల పాటు ఊపిరి తిప్పుకోనివ్వవు. 1926లో లండన్ విమర్శకులు దీన్ని చీల్చి చెండాడితే, రచయిత హెచ్.జి. వెల్స్ ఉండబట్టలేక దీని పక్షాన బహిరంగ లేఖ రాశారు.

ఇంత బరువైన పని చేసిన చేత్తోనే ‘లే నోస్’ వచ్చిన మరుసటి ఏడాది ‘లే బిష్’లో డబ్బున్నవాళ్ల విందుల కులుకునూ, ‘ల ట్రాం బ్లూ’లో సముద్రతీరపు షోకులనూ ఆట పట్టించారు. ఆ రెండో దానికి బట్టలు కోకో షనెల్ కుట్టించింది. రావెల్ ‘బొలెరో’ తెలియని సంగీతప్రియులు ఉండరు. అది నృత్యం కోసమే పుట్టింది. 1928 నవంబర్ 22న పారిస్ ఓపెరాలో దాన్ని మొట్టమొదట ఆడించింది నిజిన్‌స్కాయే అన్న సంగతి మాత్రం తెలిసినవాళ్లు తక్కువ. 1934లో హామ్లెట్‌ను బ్యాలేగా మలచి, హామ్లెట్ వేషం తానే కట్టారు. మగవాళ్లు సత్యభామ వేషం కట్టిన నాట్య సంప్రదాయం మనది, కాబట్టి ఈ సాహసం రుచి మనకు ఇట్టే తెలుస్తుంది.

1935లో కారు ప్రమాదం కొడుకును పొట్టన పెట్టుకుంది. రెండో ప్రపంచ యుద్ధం అమెరికాకు తరిమింది. లాస్ ఏంజిలిస్‌లో బడి పెట్టి పాఠాలు చెప్పారు. అమెరికా ఆదివాసీ ఓసేజ్ తెగ బిడ్డ, తర్వాతి కాలంలో జగమెరిగిన తార మరియా టాల్‌చీఫ్ ఆమె శిష్యురాలే. లోకం మాత్రం ఆమె కూర్పులను దాదాపు మరచిపోయింది. 1928లో ఆమె చేతి కింద ఆడిన కుర్రవాడు ఫ్రెడరిక్ యాష్టన్ లండన్ రాయల్ బ్యాలేకు అధిపతి అయ్యాక గురువును మరవలేదు. 1964లో ‘లే బిష్’కు, 1966లో ‘లే నోస్’కు ఆమెనే పిలిపించి మళ్లీ ప్రాణం పోయించారు. అప్పటికి ఆమెకు డెబ్భై అయిదేళ్లు. 1972లో కన్నుమూశారు. నా మటుకు ఇరవయ్యో శతాబ్దపు బ్యాలేలో ‘లే నోస్’ను మించిన కూర్పు లేదు. కాదనేవాళ్లు ముందు ఒకసారి చూసి కాదనాలి.

రాయల్ బ్యాలే ఆడిన ‘లే నోస్’ వీడియో దొరుకుతుంది. మీ ఇంట్లో కూచిపూడో భరతనాట్యమో నేర్చుకుంటున్న పిల్లలుంటే పక్కన కూర్చోబెట్టుకుని చూడండి. చూశాక ఇది ఎవరు కూర్చారని వాళ్లు అడుగుతారు. అన్న పేరు ఎత్తకుండా జవాబు చెప్పండి.