శ్రమకు రూపమిచ్చిన శిల్పి

మన బడిలో ఏటా కొత్త తరగతిలో చేరేటప్పుడు తండ్రి వృత్తి ఏమిటని అడిగి రాసుకునేవారు. మా అయ్య నౌపడ ఉప్పు కొఠార్లలో కూలీ. నేను మాత్రం వ్యవసాయమని చెప్పేవాణ్ణి. మాకు సెంటు భూమి లేదు. ఉప్పునీటిలో నాని పగిలిన ఆయన పాదాలు నలుగురిలో కనబడితే నాకు నామోషీగా ఉండేది. ఆ నామోషీని నాలోంచి తీసేసిన ఒక శిల్పి గురించి ఈ స్వర్ణోత్సవ సంచికలో నాలుగు మాటలు రాస్తున్నాను. ఆయన పేరు దేవీప్రసాద్ రాయ్ చౌదరి.

1974లో ఉద్యోగ పరీక్ష రాయడానికి మద్రాసు వెళ్ళాను. సాయంత్రం మెరీనా బీచికి నడిచాను. రోడ్డు పక్కన ఎత్తయిన దిమ్మె మీద నలుగురు కంచు మనుషులు పెద్ద బండరాయిని కదిలిస్తున్నారు. ఒంటి మీద గోచీలు తప్ప మరేమీ లేవు. వంగిన వీపులు, బిగిసిన పిక్కలు, నేలను తన్నిపట్టిన పాదాలు. మడుల్లో గడ్డకట్టిన ఉప్పును గట్టుకు లాగేటప్పుడు మా అయ్య వీపు అలాగే వంగేది. చీకటి పడేదాకా అక్కడే నిలబడిపోయాను. అది శ్రమ విజయం అనే శిల్పమని, 1959 రిపబ్లిక్ దినోత్సవానికి ముందురోజు ఆవిష్కరించారని తరువాత తెలుసుకున్నాను. 1923లో సింగారవేలు చెట్టియార్ మన దేశంలో మొదటిసారి మేడే జరిపినది కూడా ఆ మద్రాసు తీరంలోనే.

ఆ శిల్పి కూలివాడల్లో పుట్టినవాడు కాదు. 1899లో రంగపూర్ జిల్లా తాజ్‌హాట్‌లో జమీందారీ కుటుంబంలో పుట్టారు. ఆ ఊరు ఇప్పుడు బంగ్లాదేశ్‌లో ఉంది. చిత్రకళ అవనీంద్రనాథ్ ఠాగూర్ దగ్గర, శిల్పకళ హిరణ్మయ్ రాయ్ చౌదరి దగ్గర నేర్చుకున్నారు. కుస్తీ పట్టేవారు, వేటాడేవారు, వేణువు వాయించేవారు, బెంగాలీలో కథలు రాసేవారు.

అప్పటికి యూరప్‌లో శిల్పకళ దారి మారింది. దేవతలను, రాజులను వదిలి మామూలు మనిషి ఒంటిని ఉన్నదున్నట్టు చూడసాగారు. ఫ్రాన్సులో రోదాన్, బెల్జియంలో కాన్‌స్టాంటిన్ మ్యూనియే అలాంటివాళ్ళు. మ్యూనియే గని కూలీలను, ఇనుము కరిగించేవాళ్ళను, రేవు కూలీలను విగ్రహాలుగా నిలబెట్టాడు. రాయ్ చౌదరికి రోదాన్ పద్ధతి బాగా పట్టుబడింది. ఇనపకమ్మీల గూడు మీద ముద్దముద్దగా బంకమట్టి వేసి, వేళ్ళతోనే కండ తీర్చేవారు. తరువాత దానికి అచ్చు తీసి కంచు పోయించేవారు. వేళ్ళ ఒత్తిళ్ళు కంచులో కూడా కనబడతాయి.

1850లో మొదలైన మద్రాసు కళాశాలకు 1929లో ఆయన అధిపతి అయ్యారు. ఆ కుర్చీలో కూర్చున్న మొదటి భారతీయుడు ఆయనే. 1957 వరకు అక్కడే ఉన్నారు. 1953 దాకా మద్రాసు మనకూ రాజధానే కాబట్టి బొమ్మలు వేసే తెలుగు కుర్రాళ్ళు కూడా అక్కడికే వెళ్ళేవారు. మన విజయనగరం చిత్రకారుడు అంట్యాకుల పైడిరాజు ఆయన శిష్యుడే. కె.సి.ఎస్. పణిక్కర్ కూడా ఆయన దగ్గరే చదువుకుని, తరువాత అదే కళాశాలను నడిపారు.

శ్రమ విజయానికి నమూనాలుగా నిలబడినవాళ్ళలో ఒకరు ఆ కళాశాల రాత్రి కాపలాదారు, ఇంకొకరు విద్యార్థి. ఈ సంగతి చదివిన రోజున నాకు నిద్ర పట్టలేదు. రోజూ గేటు తీసి దండం పెట్టే మనిషిలో ఆయన విగ్రహానికి తగిన రూపం చూశారు. నేను మా ఇంట్లో ఉన్న మనిషినే చూడలేకపోయాను.

1942లో పాట్నా సచివాలయం మీద జెండా ఎగరెయ్యబోయి తుపాకి గుళ్ళకు నేలకొరిగిన ఏడుగురు విద్యార్థుల స్మారకం ఆయన చేసినదే. ఆకలికి చిక్కిపోయిన బిడ్డలనూ, చలికి ముడుచుకున్న ముసలివాణ్ణీ కంచులో పోశారు. మెరీనాలో చేతికర్రతో నడిచే గాంధీగారి విగ్రహం కూడా ఆయనదే. 1954లో లలిత కళా అకాడమీకి తొలి అధ్యక్షుడయ్యారు. 1958లో పద్మభూషణ్ అందుకున్నారు.

మన ఊరివాళ్ళు తప్పక తెలుసుకోవలసినది ఇంకొకటి ఉంది. ఢిల్లీలో పదకొండు విగ్రహాల వరుస ఉంది. ముందు గాంధీగారు, వెనక రకరకాల జనం. ఉప్పు కోసం 1930లో దండికి సాగిన నడక అది. దాన్ని పూర్తిగా చూడకుండానే 1975లో ఆయన కన్నుమూశారు. మిగతా పని తనవాళ్ళు పూర్తి చేశారు. పాత అయిదువందల నోటు వెనక ఉన్నది ఆ బొమ్మే. నోటు చేతిలో పట్టుకుని కూడా మనలో చాలామందిమి శిల్పి పేరు అడగలేదు.

కలకత్తా నుంచి మద్రాసుకు రైలు మన నౌపడ మీదుగానే పోతుంది. కిటికీలోంచి చూస్తే తెల్లటి ఉప్పు రాశులు, వాటి పక్కన వంగిన మనుషులు కనబడతారు. ఆ మనుషుల్లో ఒకడి కొడుకుని నేను. మా అయ్యను మెరీనాకు తీసుకెళ్ళి ఆ నలుగురినీ చూపించాలని అనుకుంటూనే ఏళ్ళు గడిపేశాను. ఆయన వెళ్ళిపోయాడు.

అందుకే పూర్వ విద్యార్థుల సంఘానికి నాదొక మనవి. రేపెప్పుడైనా మన బడి ఆవరణలో ఒక విగ్రహం పెట్టదలిస్తే, అది ఉప్పు కూలీదై ఉండాలి. తండ్రి ఏం చేస్తాడని అడిగినప్పుడు మన పిల్లలు తలెత్తి నిజం చెప్పాలి.