విల్‌ఫ్రెడ్ బయాన్: బృందహృదయ పరిశోధకుడు

మనోవైద్యుడు విల్‌ఫ్రెడ్ బయాన్ 1897 సెప్టెంబరు 8న మథురలో జన్మించారు. తండ్రి కాలువల ఇంజనీరు. కృష్ణా తుంగభద్రల నడుమ నడిగడ్డలో పెరిగిన గద్వాల విద్యార్థికి ఆ వృత్తి విలువ వేరుగా చెప్పనక్కరలేదు. ఎనిమిదవ యేట బాలుని ఇంగ్లండులోని వసతి పాఠశాలకు పంపారు.

మొదటి ప్రపంచయుద్ధంలో ట్యాంకుదళంలో పనిచేసి, 1917లో కాంబ్రే వద్ద చూపిన సాహసానికి డి.ఎస్.ఓ. పతకం పొందారు. పిదప ఆక్స్‌ఫర్డులో చరిత్రను, లండనులో వైద్యశాస్త్రాన్ని అభ్యసించారు. ప్రాణభయంతో ఉన్న మనుషుల మధ్య గడచిన ఆ యుద్ధకాలమే ఆయన తదనంతర చింతనకు బీజమని నాకు తోస్తుంది.

రెండవ యుద్ధకాలంలో సైనికాధికారుల ఎంపికకు ఆయన నాయకుడు లేని బృందపరీక్షను రూపొందించారు. కొందరు అభ్యర్థులకు ఒక పని అప్పగించి, నాయకుని నియమించక, ఎవరెట్లు మెలగుదురో గమనించుటే ఆ పద్ధతి. నేడు సర్వీసెస్ సెలక్షన్ బోర్డుకు వెళ్ళే మన వనపర్తి, నాగర్‌కర్నూలు యువకులు ఎదుర్కొనే బృందకార్యాలు ఆ సంప్రదాయానివే.

1948 నుండి టావిస్టాక్ క్లినిక్‌లో బృందాలను నడిపి, తన పరిశీలనలను 1961లో గ్రంథరూపంలో వెలువరించారు. పనికై కూడిన బృందం లోలోపల మరొక భావావేశానికి లోనవుతుందని ఆయన సిద్ధాంతం: నాయకునిపై ఆధారపడుట, కలహించుట లేక పారిపోవుట, ఇద్దరి జతపై ఆశలు పెట్టుకొనుట. షికాగోలో హెర్బర్ట్ థెలెన్, డొరొతీ స్టాక్ ప్రభృతులు ఈ విభాగాలనే ఆధారం చేసుకొని, అసంపూర్ణ వాక్యాలతో ఒక పరీక్షను నిర్మించారు.

అట్టి పరీక్షను తెలుగులోనికో ఉర్దూలోనికో తెచ్చుట కేవలం అనువాదం కాదు. ఒకరు అనువదించినదానిని మరొకరు తిరిగి ఆంగ్లంలోనికి మార్చి, మూలంతో పోల్చాలి. అదే విద్యార్థులకు కొంతకాలానికి మరల ఇచ్చి, ఫలితం నిలకడగా ఉన్నదో లేదో చూడాలి. అసలు చిక్కు అర్థంలో ఉన్నది. చర్చలో అధ్యాపకుని మాటకై వేచియుండుట షికాగోలో పరాధీనతగా లెక్కకు రావచ్చును. మన తరగతిలో అది మర్యాద, ఉర్దూ మాట్లాడే ఇంట అదబు. ఆ తేడా పట్టించుకోని పరీక్ష వినయశీలుడైన విద్యార్థిని అసమర్థుడని ముద్రవేస్తుంది. కనుక నిజమైన చర్చలో విద్యార్థుల ప్రవర్తనను స్వయంగా గమనించి, దానితో మార్కులను సరిచూచుట తప్పనిసరి.

1968లో బయాన్ లాస్ ఏంజిలిస్‌కు తరలి, 1979లో ఇంగ్లండుకు తిరిగివచ్చి, ఆ ఏడాది నవంబరు 8న ఆక్స్‌ఫర్డులో కన్నుమూశారు. 1980 జనవరిలో బొంబాయికి రావలసియుండెను. బాల్యంలో విడిచిన జన్మభూమిని ఆయన మరల చూడనేలేదు.