ఊళ్ల చరిత్ర రాయించిన మెకంజీ, ఆయన వెంట మన బొర్రయ్య



పాత కోటలు, గుళ్లు, శాసనాల గురించి మాట వచ్చినప్పుడల్లా తలచుకోవలసిన పేరు కల్నల్ కాలిన్ మెకంజీ. ఆయన 1754లో స్కాట్లాండుకు చెందిన లూయిస్ దీవిలో పుట్టారు. 1783లో ఈస్టిండియా కంపెనీ కొలువులో మద్రాసు చేరారు. మన భాషలేవీ ఆయనకు రావు. ఆ లోటు తీర్చినవారు ఏలూరుకు చెందిన కావలి సోదరులు. వారిలో వెంకట బొర్రయ్య 1796లో ఆయన దగ్గర చేరాడు.

టిప్పు సుల్తాను పతనం తరువాత, మన హోసూరుకు ఆనుకుని ఉన్న మైసూరు సీమ సర్వే మెకంజీకి అప్పగించారు. భూమి కొలవడంతో ఆయన ఆగలేదు. శాసనాలకు నకళ్లు తీయించారు, గుళ్లకు బొమ్మలు గీయించారు, ఊరూరి చరిత్ర రాయించారు. కైఫీయతులు అంటున్నామే, అవి ఇలా పుట్టినవే. బొర్రయ్య పాత లిపులు పట్టుబట్టి చదివాడు, ఎందరికో దారి చూపాడు. 1803లో చిన్న వయసులోనే కన్నుమూశాడు. తమ్ముడు లక్ష్మయ్య ఆ పని అందుకున్నాడు.

1798లో మెకంజీ అమరావతిలో దీపాలదిన్నె చూశారు. అప్పుడు జమీందారు వాసిరెడ్డి వెంకటాద్రి నాయుడు కొత్త పట్టణం కట్టిస్తున్నారు. స్తూపం రాళ్లు ఆ కట్టడాలకు పోతున్నాయి. 1815లో భారతదేశపు మొదటి సర్వేయర్ జనరల్ అయిన మెకంజీ, మరుసటి ఏడాది మళ్లీ అక్కడికి వెళ్లేసరికి దిబ్బ నడుమ చాలా భాగం తవ్వేసి ఉంది. మిగిలిన శిల్పాలను తన మనుషులచేత కొలిపించి గీయించారు. తరువాత వాటిలో కొన్ని కనిపించకుండా పోయాయి. వాటికి ఇప్పుడు ఆ బొమ్మలే ఆధారం.

1821లో కలకత్తాలో మెకంజీ మరణించారు. ఆయన సేకరణలో 1,568 రాతప్రతులు, 8,076 శాసన నకళ్లు ఉన్నట్టు 1828 నాటి జాబితా చెబుతోంది. అందులో చాలా రాతప్రతులు నేటికీ చెన్నై ప్రాచ్య లిఖిత గ్రంథాలయంలో ఉన్నాయి.

గుమస్తాగా బతికినవాణ్ణి, నాకు తెలిసింది ఒక్కటే: కాగితం మీద లేనిది కొన్నాళ్లకు లేనట్టే అవుతుంది. కృష్ణగిరి, రాయకోట దుర్గాలు ప్రభుత్వం కంటిలో ఉన్నాయి. మరి పొలం గట్టున ఉన్న వీరగల్లు, ఊరి చివర మండపం, రాతి మెట్ల బావి ఎవరి కంటిలో ఉన్నాయి? రోడ్డు వెడల్పు చేసే రోజున వాటి తరఫున ఎవరు మాట్లాడతారు?

పోచంపల్లి చుట్టుపక్కల మన ఇళ్లవారు ఒక పని చేయండి. మీ ఊరి పాత రాయిని, గుడిని ఫొటో తీయండి. పొడవు, వెడల్పు కొలవండి. ఏ ఊరు, ఎవరి పొలం పక్కన, పెద్దలు దాన్ని ఏమని పిలుస్తారో రాసి సంఘానికి ఇవ్వండి. రాయిని కదిలించకండి, సున్నం పూయకండి.

ఇంకొక మాట. బొర్రయ్యకు అక్షరం వచ్చు కాబట్టి రాయి మాట్లాడింది. మన ఇళ్లలో తెలుగు మాట ఉంది గానీ, తెలుగు చదవగలిగే పిల్లలు తగ్గిపోతున్నారు. రాయి మిగిలినా దాన్ని చదివేవాడు మిగలాలి కదా. సాయంత్రం ఒక అరగంట పిల్లలచేత అక్షరాలు దిద్దించండి.